మేస్త్రీ లేని ప్రయాణం

(దూరపు కాలేజీల్లో చేరబోయే పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు, సంఘం కార్యకర్తలు కూడిన సమావేశంలో ఒక ఉపాధ్యాయుడి ప్రసంగ పాఠం)



విద్య గురించి మాట్లాడమని నన్ను పిలిచినారు. విద్య గొప్పతనం చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను రైలు టికెట్టు గురించి మాట్లాడతాను. నవ్వొద్దు. సీటు వచ్చి కూడా చేరలేకపోయిన పిల్లోళ్ళు మన పల్లెల్లో ఉన్నారు. చేరి నెల తిరక్కుండా పెట్టె నెత్తిన పెట్టుకొని వచ్చేసినోళ్ళూ ఉన్నారు. వాళ్ళకు మార్కులు తక్కువై కాదు. దారి తెలియక, అడిగే దిక్కు లేక.

మనకు ప్రయాణం కొత్త కాదు. చిత్తూరు జిల్లా పల్లెల నుంచి మన తాతలు కోలారు బంగారు గనులకు పోయినారు. ఆ గనులు 2001లో మూతపడినాయి. మన అన్నలు బెంగుళూరు బిల్డింగు పనులకు పోతున్నారు. మన అక్కచెల్లెళ్ళు కువైట్‌లో చాకిరీకి విమానమే ఎక్కినారు. వాళ్ళకు ప్రయాణం ఎవరు నేర్పినారు? ఎవరూ నేర్పలేదు. మేస్త్రీ వచ్చి పిల్చుకొని పోయినాడు. ఏజెంటు వచ్చి పిల్చుకొని పోయినాడు. మన చేతులు కావాల్సినోడు దారిఖర్చు పెట్టి మరీ పిల్చుకొని పోతాడు, తర్వాత ఆ ఖర్చు కూలిలో కోసుకుంటాడు.

చదువుకు పోయేటప్పుడు ఏ మేస్త్రీ రాడు. మన తలకాయ కావాలని దారిఖర్చు పెట్టేవాడు ఈ దేశంలో ఇంకా పుట్టలేదు. అగ్రకులపు పిల్లోడికి హైదరాబాదులో మేనమామ ఉంటాడు, ఢిల్లీలో చిన్నాయన ఉంటాడు. ఏ స్టేషన్లో దిగాలో, ఏ కాగితం ముందు చూపాలో వాడికి ఎవరూ పాఠం చెప్పరు. పొలం మాదిరి, ఇంటిపేరు మాదిరి అదీ వారసత్వంగా వస్తుంది. మనకు అట్ల రాదు. వారసత్వంగా రానిదాన్ని మనం కూడి పంచుకోవాలి. ఈ సమావేశం అందుకే.

బాబాసాహెబ్ చేసిన ఒక రైలు ప్రయాణం మీరు వినే ఉంటారు. 1901లో, పదేళ్ళు కూడా నిండని వయసులో, అన్నతో, అక్క పిల్లలతో కలిసి తండ్రి పనిచేసే ఊరికి బయల్దేరినాడు. మసూర్ స్టేషన్లో దిగితే తీసుకుపోయేదానికి ఎవరూ రాలేదు. కులం చెప్పగానే స్టేషన్ మాస్టర్ ముఖం మారిపోయింది. బండివాళ్ళు ఎక్కించుకోమన్నారు. రెట్టింపు బాడుగ ఇచ్చి, బండి తామే తోలుకుంటామంటే ఒకడు ఒప్పుకున్నాడు. మూటలో తిండి ఉండి కూడా నీళ్ళు పుట్టక ఆ రాత్రి పస్తు పడుకున్నారు. తండ్రి ఎందుకు రాలేదంటే, పిల్లలు రాసిన ఉత్తరం ఆయన నౌకరు చేతికి అందింది, వాడు ఇవ్వడం మరిచిపోయినాడు.

ఇందులో రెండున్నాయి. బండివాడి కులపిచ్చి ఒకటి, దాని మీద పోరాటం మనం చేస్తూనే ఉన్నాం, అది ఒక్క రోజులో తీరేది కాదు. ఉత్తరం అందకపోవడం రెండోది. దాన్ని మాత్రం ఈ రోజే, మన చేతులతోనే సరిచేసుకోవచ్చు. నేను చెప్పేదంతా ఈ రెండోదాని గురించే.

మొదట గడువు, తర్వాత కాగితం

సీటు వచ్చిందని ఫోన్లో చూసిన రోజు సీటు మనది కాదు. ఫీజు కట్టి, గడువు లోపల చేరినట్టు కాగితం చేతికొచ్చిన రోజు మనది. 2024లో ఉత్తరప్రదేశ్ ముజఫర్‌నగర్ జిల్లా దళిత పిల్లోడు అతుల్ కుమార్‌కు ధన్‌బాద్ ఐఐటీలో సీటొచ్చింది. కట్టాల్సింది 17,500 రూపాయలు. తండ్రి దినకూలి. అప్పోసప్పో చేసి డబ్బు కూడేసరికి గడువు నిమిషాల తేడాతో దాటిపోయింది. ఆ పిల్లోడు సుప్రీంకోర్టు దాకా పోయినాడు. సెప్టెంబరు 30న కోర్టు చేర్చుకోమని చెప్పింది. కోర్టుకు పోయి గెలిచినవాడు ఒకడు. పోలేక ఇంటికాడ ఉండిపోయినోళ్ళు ఎందరో లెక్క ఎవరు రాసినారు? అందుకే గడువు తేదీ గోడ మీద బొగ్గుతో రాయండి. చివరి రోజుకు పెట్టుకోవద్దు. ఆ రోజు నెట్టూ పనిచేయదు, బ్యాంకూ పనిచేయదు.

ఇంక కాగితాలు. పది, ఇంటరు మార్కుల లిస్టులు, టీసీ, మైగ్రేషన్, కులం, ఆదాయం, ఆధార్, బ్యాంకు పుస్తకం. ఒక్కోదానికి అయిదారు జిరాక్సులు, ఒక డజను ఫోటోలు. కేంద్ర సంస్థలకు పోయేవాళ్ళు కులం సర్టిఫికెట్ కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఇంగ్లీషులో తీసుకోవాలి. తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగేదానికి టైము పడుతుంది, ముందే మొదలుపెట్టండి.

మనది సరిహద్దు జిల్లా కాబట్టి ఇంకో మాట. మద్రాసు, వేలూరు, బెంగుళూరు మనకు హైదరాబాదు కంటే దగ్గర. కానీ పక్క రాష్ట్రం కోటాలో మన ఎస్సీ సర్టిఫికెట్ చెల్లదు. తెనాలిలో పుట్టి బొంబాయిలో పెరిగిన మర్రి చంద్రశేఖరరావు అనే గిరిజన విద్యార్థి కేసులో 1990లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. కేంద్ర సంస్థల్లో మాత్రం దేశంలో ఎక్కడైనా చెల్లుతుంది. ఫీజు కట్టకముందే ఈ తేడా కనుక్కోండి.

ఒరిజినల్స్ పెద్ద పెట్టెలో పెట్టొద్దు. ఒంటి మీదుండే చేతిసంచిలో పెట్టుకోండి. 1917లో బాబాసాహెబ్ లండన్ నుంచి వస్తూ పుస్తకాలన్నీ వేరే ఓడలో పంపితే, యుద్ధంలో ఆ ఓడను జర్మనీవాళ్ళు ముంచేసినారు. ఆయన పుస్తకాలు మళ్ళీ కొన్నాడు. మన టీసీ పోతే మళ్ళీ తెచ్చుకునేదానికి మూడు నెలలు. అన్నీ ఫోన్లో ఫోటో తీసి ఇంట్లో ఇంకొకరి ఫోనుకూ పంపండి. చూసినాక ఒరిజినల్స్ తిరిగి ఇచ్చేయాలని, దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే కాలేజీలకు చెప్పింది. ఎవరైనా ఉంచుకుంటామంటే రాతపూర్వకంగా రసీదు అడగండి.

టికెట్టు

ఏ ఊరికి ఏ స్టేషన్ నుంచి? తిరుపతిలో అన్ని రైళ్ళూ ఆగవు. మద్రాసు - బొంబాయి రైళ్ళకు రేణిగుంట చూడండి. విజయవాడ మీదుగా ఢిల్లీకి, కలకత్తాకు పోయే మెయిన్ లైను రైళ్ళకు గూడూరు. చిత్తూరు, పలమనేరు పక్కవాళ్ళకు కాట్పాడి దగ్గర. తిరుపతి నుంచి ఢిల్లీకి సంపర్క్ క్రాంతి ఉంది. అది రోజూ ఉండదు, పైగా న్యూఢిల్లీ స్టేషన్లో కాదు, హజ్రత్ నిజాముద్దీన్‌లో దింపుతుంది.

రిజర్వేషన్ 60 రోజుల ముందు మొదలవుతుంది. 2024 నవంబరు దాకా 120 రోజులుండేది. కౌన్సెలింగ్ సీటు మనకు 60 రోజుల ముందు తెలియదు కదా, అప్పుడు తత్కాల్. ముందు రోజు ఏసీకి ఉదయం 10 గంటలకు, స్లీపరుకు 11 గంటలకు తెరుస్తారు. 2025 జూలై నుంచి ఆన్‌లైన్లో తత్కాల్ తీయాలంటే ఖాతాకు ఆధార్ కలిపి ఉండాలి. ఆ పని ఈ వారమే చేసిపెట్టుకోండి.

వెయిటింగ్ లిస్టు టికెట్టుతో స్లీపరు ఎక్కకూడదు. ఆన్‌లైన్లో తీసిందైతే చార్టు తర్వాత దానంతట అదే రద్దవుతుంది. ఆర్ఏసీ అంటే ఎక్కొచ్చు, కానీ సగం సీటే.

చాలామంది మోసపోయే సంగతి ఒకటుంది. టికెట్టులో 15వ తేదీ 00.20 అని ఉంటే, 14వ తేదీ రాత్రి అన్నం తిని స్టేషనుకు పోవాలి. 15వ తేదీ రాత్రి పోతే రైలు పోయి దినమంతా అయివుంటుంది. ఇంకోటి, టికెట్టులో రాసిన స్టేషన్లోనే ఎక్కండి. ముందు స్టేషన్లో ఎక్కుతాంలే అనుకుంటే బెర్తు ఇంకొకరికి పోతుంది.

మనకు రావాల్సిన రాయితీ

ఇది చాలామంది లెక్చరర్లకూ తెలియదు. సెలవులకు సొంత ఊరికి వచ్చిపోయే విద్యార్థులకు రైల్వే రాయితీ ఇస్తుంది. మిగతా విద్యార్థులకు 50 శాతం, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 75 శాతం, సెకండ్ క్లాసులో, స్లీపరులో. 2020లో చాలా రాయితీలు ఎత్తేసినారు గానీ విద్యార్థులది ఉంచినారు. కాలేజీ ప్రిన్సిపాల్ సంతకం, ముద్ర ఉన్న రైల్వే ఫారం పట్టుకొని కౌంటర్లో తీసుకోవాలి. తత్కాల్‌కు వర్తించదు. రాయితీ అసలు చార్జీ మీదే. రిజర్వేషన్, సూపర్‌ఫాస్ట్ డబ్బులు పూర్తిగా కట్టాలి. వయసు పరిమితి ఉంది, కౌంటర్లో అడగండి.

ఆఫీసులో గుమాస్తా "అట్లాంటి ఫారం లేదు" అంటాడు. తలవంచుకొని వచ్చేయొద్దు. నలుగురు కలిసి పోండి, ప్రిన్సిపాల్‌కు రాసివ్వండి. అది ఎవరి దయా కాదు. 1944లో మొదలైన పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ కూడా బాబాసాహెబ్ పోరి తెచ్చిందే. అడక్కపోతే ఆఫీసు బీరువాలోనే ఉండిపోతుంది.

బోగీలో

స్లీపరులో ఎనిమిది నంబర్లు ఒక గూడు. 1, 4 కింద, 2, 5 మధ్య, 3, 6 పైన, 7 సైడు కింద, 8 సైడు పైన. ఆ వరసే బోగీ చివరి దాకా. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మధ్య బెర్తు వేసుకొని పడుకునే హక్కు ఉంది. ఎవరైనా పెద్దమనిషి మాదిరి లేపి "అట్ల పోయి పడుకో" అంటే, టికెట్టు చూపించండి. టికెట్టు మీద కులం రాయరు, నంబరు రాస్తారు.

స్లీపరులో 40 కిలోల సామాను దాకా ఉచితం. గొలుసు, తాళం తీసుకొని పెట్టెను సీటు కింద కట్టేయండి. చిత్రాన్నం, నిప్పట్లు, బొరుగులు కట్టుకోండి. కొత్తోళ్ళిచ్చింది తినొద్దు. దొంగతనమైనా, ఆడపిల్లలను ఎవడైనా ఇబ్బంది పెట్టినా 139కి ఫోను చేయండి.

రైల్లో పేరడుగుతారు, ఊరడుగుతారు, తర్వాత మెల్లగా "మీరు ఏమోళ్ళు?" అంటారు. చెప్పేదీ చెప్పనిదీ మీ ఇష్టం. చెప్తే తలెత్తి చెప్పండి. చెప్పకుంటే భయంతో కాదు, అది వాళ్ళకు అక్కరలేని ప్రశ్న కాబట్టి.

దిగినాక

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి పోయేవాళ్ళు సికింద్రాబాదులో దిగి తిప్పలు పడొద్దు, నారాయణాద్రిలో లింగంపల్లి దాకా పోండి. ఉస్మానియాకు, ఇఫ్లూకు కాచిగూడ దగ్గర. చిత్తూరులో బయల్దేరే వెంకటాద్రి అక్కడికే పోతుంది. రాత్రి పూట దిగితే వెయిటింగ్ హాల్లో కూర్చొని తెల్లారినాకే బయటికి రండి.

హాస్టలు మొదటి రోజే ఇస్తారనుకోవద్దు. 1917లో కొలంబియాలో చదివి బరోడాకు పోయిన బాబాసాహెబ్‌కు తల దాచుకునేదానికి చోటు దొరకలేదు. పారసీ సత్రంలో మారు పేరుతో ఉంటే పదకొండో రోజు కట్టెలతో వచ్చి వెళ్ళగొట్టినారు. అంత చదివినాయనకే చోటు ముందుగా లేకపోతే ఆ గతి పట్టింది. మీరు బయల్దేరకముందే మొదటి వారం ఎక్కడుండేదో తేల్చుకోండి. అక్కడ అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ లాంటి సంఘముంటే ముందే ఫోను చేయండి. స్కాలర్‌షిప్ డబ్బు ఆలస్యంగా వస్తుంది, రెండు నెలల ఖర్చు చేతిలో ఉండాలి.

చేరిన వారంలోనే ఎస్సీ, ఎస్టీ సెల్ ఎక్కడుందో చూసిరండి. ర్యాగింగుకు 1800-180-5522, కులవేధింపుకు 14566. ఈ నంబర్లు పుస్తకం అట్ట లోపల రాసుకోండి. రోహిత్ వేముల హైదరాబాద్ యూనివర్సిటీలో హాస్టలు నుంచి వెలివేసిన అయిదుగురిలో ఒకడు. 2016 జనవరి 17న మనకు దక్కకుండా పోయినాడు. కాబట్టి పిల్లలారా, కష్టమొస్తే దాచుకోవద్దు. అమ్మా నాయనా బాధపడతారని దాస్తారు. వాళ్ళు ఎండలో కలుపు తీసినోళ్ళు, మీ కష్టం వినేదానికి వాళ్ళకు శక్తి ఉంది. మీరు లేకపోవడాన్ని తట్టుకునే శక్తి మాత్రం లేదు.

సంఘం చేయాల్సింది

కార్యకర్తలకు మూడు పనులు. ఒకటి, మన పల్లెల పిల్లోళ్ళు ఎవరెవరు ఏ ఊళ్ళో చదువుతున్నారో, వాళ్ళు ఒప్పుకుంటే, ఒక నోటుబుక్కులో రాయండి. కొత్తగా పోయేవాళ్ళకు ఆ నంబరివ్వండి. రెండు, ఉద్యోగస్తులం నెలనెలా కొంత వేసి గడువు నిధి పెట్టుకుందాం. ఫీజు చివరి రోజున ఏ తండ్రీ దొర వాకిట్లో నిలబడకూడదు. మూడు, మొదటి ప్రయాణంలో పిల్లలతో ఒకరు తోడు పోవాలి, ముఖ్యంగా ఆడపిల్లలతో. దించి రావడమే కాదు, ప్రతి ఆదివారం ఫోను చేయాలి.

మేస్త్రీ కమీషను కోసం పిల్చుకొని పోయినాడు. మనం కమీషను లేకుండా పిల్చుకొని పోదాం. మీరు చేరినాక మీ వెనక వచ్చే పిల్లోడికి స్టేషనుకు ఎదురు పోవాలి. ఆ రోజు మసూర్‌లో రాని మనిషి మీరే కావాలి.

జై భీమ్.