ఉడుము పట్టు, పాచి పట్టు



మా కోవిల్‌పట్టి, విరుదునగర్ కరిసల్ నేలలో తెలుగు మాట్లాడే ఇళ్ళు చాలానే ఉన్నాయి. ఇంట్లో ఉడుము అన్న పిల్లలే బడికి రాగానే ఉడుంబు అంటారు. ఇంట్లో పాచి, బడిలో పాసి. ఈ రెండింటికీ పోలికేమిటంటారా? ఆ ప్రశ్న మా తరగతిలో ఒక అమ్మాయిది. "టీచర్, ఉడుమును చంపితే జైలంటారు. గోడ మీద పాచి గీకితే ఎవరూ ఏమీ అనరేం?" అంది.

పాచి అంటే నీళ్ళతొట్టిలో జారేది కాదు, గోడ మీద మెత్తగా పెరిగే మాస్. అందులో బ్రయం అర్జెంటియం అనేది ఊళ్ళ గోడల నుంచి అంటార్కిటికా దాకా ఉంది. దానికి నిజమైన వేర్లు లేవు, సన్నని పోగులతో అంటుకుంటుంది. ఎండకు ముడుచుకుపోయి చచ్చినట్టే ఉంటుంది, వాన పడగానే పచ్చబడుతుంది. చీపురుతో గీకితే రాలిన ముక్క ఇంకోచోట మొలుస్తుంది. అంటే మనం దాన్ని నాటినట్టే!

ఉడుము సంగతి వేరు. అయిదడుగులు దాటి పెరుగుతుంది. దాని పట్టు తెలుగులో సామెతే అయింది. కానీ ముక్క నుంచి మళ్ళీ ఉడుము పుట్టదు గదా! ఆడది నేల తవ్వో, చెదపుట్టలోనో సుమారు 20 గుడ్లు పెడుతుంది. అవి పొదగడానికి నెలలు పడుతుంది. ఈలోగా మాంసానికి, నూనెకు, చర్మానికి మనిషి వెంటపడతాడు. మనం చెవులప్పగించి విన్న కంజీరాకు బిగించింది కూడా ఉడుము తోలే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఉడుము మొదటి షెడ్యూలులో ఉంది. వేటాడితే 3 నుంచి 7 ఏళ్ళ జైలు. దీని జాతిలో పెద్దదైన ఇండోనేషియా కొమొడో డ్రాగన్‌ను 2021లో అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితాలోకి మార్చారు.

ఇదంతా చెప్పాక ఆ అమ్మాయి తల వంచుకుంది. తాతయ్య నడుం నొప్పికి నూనె కావాలని వాళ్ళ ఇంటికి ఒక ఉడుమును తెచ్చారట. ఆ నూనెతో నొప్పి తగ్గలేదు. తగ్గుతుందని ఏ వైద్యపాఠంలోనూ నేను చదవలేదు.

"కడుపులో గుడ్లున్నాయి టీచర్" అంది.

ఎన్ని అని అడిగాను.

"అమ్మ లెక్కపెట్టనివ్వలేదు" అంది.