"సార్, నేను వెయ్యను"

 

ఇవాళ రంగస్థల కళల్లో పట్టాలు అందుకున్న మీలో కొందరైనా రేపు ఏదో ఒక బడిలో వార్షికోత్సవానికి నాటకం వేయించబోతారు. ముప్పై ఏళ్లు ఆ పనే చేసినవాణ్ణి కాబట్టి ఒక్క సంగతి చెబుతాను. ప్రదర్శన పది రోజులుందనగా ఎవరో ఒకరు వచ్చి "సార్, నేను వెయ్యను" అంటారు. నాకైతే ఒక్క ఏడూ తప్పలేదు.

ఒకసారి 'కన్యాశుల్కం'లో గిరీశం, వెంకటేశం రంగం తీసుకున్నాం. వెంకటేశం వేసే ఎనిమిదో తరగతి పిల్లాడు పోర్షన్ కాగితం నాలుగు మడతలు పెట్టి నా బల్ల మీద ఉంచాడు. కాగితం చెమటకు మెత్తబడిపోయి ఉంది. అది చూసి కూడా "బాధ్యత లేదట్రా?" అని అందరి ముందూ గద్దించాను. వాడు మళ్లీ రిహార్సల్ గది గడప తొక్కలేదు. తరవాతెప్పుడో తెలిసింది, మేం వదిలేసరికి వాళ్ల ఊరి ఆఖరి బస్సు వెళ్లిపోయేదట. నాలుగు కిలోమీటర్లు చీకట్లో నడిచేవాడట. పదిమందిలో ఆ మాట ఎలా చెబుతాడు? అరగంట ముందు వదిలితే సరిపోయేది.

ఆ తరవాత, వెయ్యనన్న పిల్లల్ని పక్కకు పిలిచి, నాటకం ఊసెత్తకుండా ఇంటి సంగతులు అడగడం మొదలుపెట్టాను. ట్యూషనో, నాన్న కోపమో, తోటివాళ్ల వెక్కిరింతో మెల్లగా బయటికొస్తుంది. ఉత్త భయమే అయితే వారం రోజులు తెర పక్కన మాటలందించే పని ఇస్తాను. పుస్తకం పట్టుకున్నవాడికి అందరి పోర్షన్లూ నోటికొచ్చేస్తాయి, ఆపైన చెయ్యి దురద పుడుతుంది. అలా చాలామంది తిరిగొచ్చారు. రానివాళ్లను పోనిచ్చాను. మార్కులు కోస్తామని బెదిరించి నిలబెట్టే మాస్టర్లూ ఉన్నారు. ఆ నాటకాలు చూశాను, చూడలేకపోయాను.

మరి ఖాళీ అయిన వేషం? 1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకానికి చంద్రమతి పాత్రధారి రాలేదు. ఆ వేషం కట్టిన కుర్రాడు స్థానం నరసింహారావు. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మనకు ప్రతిసారీ స్థానం దొరకడు లెండి, అందుకని ప్రతి పోర్షనూ మొదటి రోజు నుంచే ఇద్దరి చేత వల్లె వేయించండి.

ఇప్పటికీ కొత్త నాటకం తలపెట్టిన రోజున, వేషాలు పంచక ముందే పిల్లల్ని అడుగుతాను: "మీ ఊరికి ఆఖరి బస్సు ఎన్నింటికిరా?"