చీమపిట్ట కాలికి కట్టిన చీటీ



ఈ వారం ఒక చిన్న పిట్ట గురించి, దాని కాలికి కట్టిన ఇంకా చిన్న చీటీ గురించి నాలుగు మాటలు చెబుదామని వచ్చాను. పిట్ట దక్షిణ అమెరికాది. ఇంగ్లీషులో ఆంట్‌బర్డ్ అంటారు, మనం చీమపిట్ట అనుకుందాం. పేరు విని అది చీమల్ని తిని బతుకుతుందనుకోకండి. అమెజాన్ అడవుల్లో దండుచీమలుంటాయి. అవి నేలంతా కప్పేస్తూ కదులుతుంటే మిడతలు, బొద్దింకలు, సాలీళ్ళు ప్రాణభయంతో బయటికి పరుగెడతాయి. కొన్ని చీమపిట్టలు ఆ దండు వెంటే ఉండి, బయటపడ్డవాటిని పట్టుకు తింటాయి. ఈ కుటుంబంలో 230కి పైగా జాతులున్నాయి. చాలావాటిలో మగవి నలుపో బూడిదరంగో, ఆడవి గోధుమరంగు. చూడబోతే అన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. అందుకే పేర్ల దగ్గర ఇంత చిక్కు.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. కొన్నేళ్ళుగా శనివారాలు ఇక్కడి ఒక మ్యూజియంలో పక్షుల విభాగానికి వలంటీరుగా వెళుతున్నాను. పాత చీటీలు చదివి కంప్యూటర్లోకి ఎక్కించడం నా పని. "చచ్చిన పిట్టల లెక్కలు రాయడమేమిటండీ, పిల్లలకి లెక్కలు చెప్పినా పుణ్యం" అని మిత్రులు అంటూంటారు. వాళ్ళకి నా జవాబే ఈ ప్రసంగం.

ఊళ్ళో నలుగురు సుబ్బారావులుంటే "ఏ సుబ్బారావు?" అని అడుగుతాం కదా. పక్షిశాస్త్రంలోనూ అదే ప్రశ్న. ఎవరైనా కొత్త జాతికి పేరు పెట్టినప్పుడు, ఆ పేరు ఫలానా నమూనాకి చెందుతుంది అని ఒక పక్షిని చూపించాలి. దాన్నే టైప్ అంటారు. తర్వాత ఎప్పుడు అనుమానం వచ్చినా ఆ పక్షి దగ్గరికే వెళ్ళి చూసుకోవాలి. ఒకే నమూనాని చూపిస్తే అది హోలోటైప్. పాతకాలపు రచయితలు చాలామంది అలా ఒకదాన్ని చూపించలేదు, నాలుగైదు పక్షుల్ని ముందు పెట్టుకుని వర్ణన రాసేశారు. అవన్నీ సిన్‌టైపులు. వాటిలో రెండు జాతులు కలిసిపోయి ఉంటే ఇక చెప్పేదేముంది!

జర్మన్ రాకుమారుడు మాక్సిమిలియన్ సంగతే చూడండి. 1815 నుంచి 1817 దాకా బ్రెజిల్లో తిరిగి పక్షుల్ని సేకరించాడు. వాటిలో చీమపిట్టలూ ఉన్నాయి. ఆయన సేకరణని తర్వాత న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ కొనుక్కుంది. ఏ పక్షిని చూసి ఆయన ఏ పేరు పెట్టాడో తేల్చి, జె. ఎ. అలెన్ 1889లో ప్రచురించాడు. అదే మ్యూజియం 1932లో ఇంగ్లండు నుంచి వాల్టర్ రాత్స్‌చైల్డ్ పక్షుల్ని కొన్నది, సుమారు 2,80,000. పాత పుస్తకం చూసి టైప్ కోసం ఇంగ్లండు వెళితే అది న్యూయార్క్‌లో ఉంటుందన్నమాట. మేరీ లెక్రాయ్, ఆర్. స్లాస్ కలిసి చీమపిట్టలూ వాటి దగ్గరి కుటుంబాల టైపుల పట్టికని 2000లో అచ్చువేశారు. పేరు, మొదటి వర్ణన ఎక్కడ ఏ పేజీలో ఉంది, మ్యూజియం నంబరు, ఆడా మగా, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు పట్టారు - ఒక్కో పక్షికి ఇన్ని సంగతులు సరిచూడాలి.

వీటిలో "ఎక్కడ" అన్నది అన్నిటికంటే ముఖ్యం. వియన్నాకి చెందిన యోహాన్ నాటరర్ 1817 నుంచి 1835 దాకా, పద్ధెనిమిదేళ్ళు బ్రెజిల్లో ఉండి పన్నెండు వేలకు పైగా పక్షుల్ని పంపాడు. 1848లో వియన్నా రాజప్రాసాదం అంటుకున్నప్పుడు ఆయన దినచర్య పుస్తకాలు కాలిపోయాయి. కానీ స్థలం, తేదీ రాసిన చీటీలు పక్షులతోనే మిగిలాయి. వాటి బలంతోనే పెల్‌జెల్న్ 1868-71 మధ్య బ్రెజిల్ పక్షుల మీద పెద్ద గ్రంథం తేగలిగాడు.

దీనికి వ్యతిరేకమైన కథా ఉంది. మన కడప జిల్లాలో కలివికోడి 1986లో మళ్ళీ కనబడిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ మరుసటి ఏడే బ్రెజిల్లో అలాంటిదే జరిగింది. నల్లతల, ఎర్రవీపు ఉన్న ఒక చిన్న చీమపిట్టకి హార్ట్‌లౌబ్ 1852లో పేరు పెట్టాడు. పందొమ్మిదో శతాబ్దంలో దొరికిన ఇరవై దాకా చర్మాలు తప్ప దాని జాడ లేదు. అవి నోవా ఫ్రిబుర్గో కొండల నుంచి వచ్చాయని రికార్డు. కాబట్టి అది కొండ అడవి పిట్ట అనుకున్నారు. 1987లో అది దొరికిందెక్కడో తెలుసా? కొండల్లో కాదు, సముద్రపు ఒడ్డున ఆంగ్రా దోస్ రేయిస్ దగ్గర పల్లపు తుప్పల్లో! నూరేళ్ళకు పైగా కనబడని పిట్ట ఇది. ఇళ్ళూ హోటళ్ళూ లేస్తున్న ఆ తీరమే దాని ఇల్లని ఎవరికీ తెలియలేదు. తెలియని ఇంటిని ఎవరు కాపాడతారు? ఈనాటికీ అది అంతరించే ప్రమాదంలో ఉన్న జాతే.

ఇంకో పిట్ట కథ మరీ సున్నితం. 1982లో రియో దగ్గర వలలో ఒక మగపిట్ట పడింది. 1988లో దానికి కొత్త పేరు పెట్టారు. ఆ జాతికి ఆధారం ఆ ఒక్క చర్మమే. అది నిజంగా వేరే జాతేనా అని పండితుల్లో చర్చ ఉంది. చర్చ తేలాలన్నా ఆ ఒక్క పిట్టే సాక్షి.

సాక్షులు పోవడం ఎంతసేపు? 2018 సెప్టెంబరు 2న రియోలో నేషనల్ మ్యూజియం తగలబడింది. కీటకాల సేకరణ చాలావరకు బూడిదైంది. పక్షులు వేరే భవనంలో ఉండబట్టి దక్కాయి.

ఇందులో న్యాయం మాట కూడా ఉంది. పిట్టలేమో బ్రెజిల్, పెరూ, కొలంబియాలవి. వాటి టైపులు చాలావరకు లండన్, వియన్నా, న్యూయార్క్ బీరువాల్లో ఉన్నాయి. అక్కడి విద్యార్థి తన ఊరి పిట్ట పేరు తేల్చుకోవాలంటే విమానం ఎక్కాలా? పక్షిని తిరిగి పంపడం మన చేతుల్లో లేకపోవచ్చు. దాని వివరాలూ ఫొటోలూ సరిగ్గా ఎక్కించి ఇంటర్నెట్‌లో పెడితే ఆ అబ్బాయి సగం ప్రయాణం తగ్గుతుంది.

చివరగా ఒక మనవి. ఇంట్లో కూర్చునే మ్యూజియం చీటీలు చదివి టైపు చేసిపెట్టే ప్రాజెక్టులు చాలా ఉన్నాయి. హైస్కూలు పిల్లలూ చెయ్యొచ్చు, రిటైరై ఇక్కడికి వచ్చిన అమ్మానాన్నలూ చెయ్యొచ్చు. పాత దస్తూరీ చదవడంలో పెద్దవాళ్ళకున్న ఓపిక మనకెక్కడిది? ఆసక్తి ఉన్నవాళ్ళు ప్రసారం అయ్యాక స్టూడియోకి ఫోన్ చేయండి, ఎలా మొదలుపెట్టాలో నేను చెబుతాను.