ఇంటి రీళ్లకు మాట నేర్పుదాం

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో ఏటా పిల్లల చదువులు, స్కాలర్‌షిప్పులు, వైద్య సహాయం, ఆడపిల్లల పెళ్లిళ్ల గురించి మాట్లాడుకుంటూ ఉంటాం. ఈసారి మమ్మల్ని కాస్త వేరే సంగతి చెప్పమన్నారు. అటకల మీద, ఇనప్పెట్టెల అడుగున, బీరువాల వెనక పడివున్న పాత సినిమా రీళ్లను, వీడియో కాసెట్లను ఏం చెయ్యాలన్నది ఆ సంగతి. ఇది కూడా ఒక సంక్షేమ విషయమేనా అని మీలో కొందరికి అనిపించవచ్చు. కొంచెం ఓపిక పట్టి వినండి, తర్వాత మీరే చెబుదురుగాని.

ముందు ఒక అమెరికా కుటుంబం కథ చెబుతాం. కనెటికట్ రాష్ట్రంలో వెదర్స్‌ఫీల్డ్ అనే ఊళ్లో రాబిన్స్ బార్‌స్టో అనే ఆయన ఉండేవారు. సినిమా ఆయన వృత్తి కాదు, సరదా. కుర్రతనంలోనే, 1936లో, స్నేహితులను పోగేసి సొంతంగా టార్జాన్ సినిమా తీసినవాడు. పెళ్లయి, ముగ్గురు పిల్లలు పుట్టాక ఆ కెమెరాను ఇంటివైపు తిప్పారు. భార్యాపిల్లలను కారెక్కించుకుని, ఎక్కడికక్కడ గుడారం వేసుకుంటూ, ఒకదానికొకటి ఆనుకుని ఉన్న 48 రాష్ట్రాలూ తిరిగి, ఆ ప్రయాణాలను సినిమాగా కూర్చారు.

అయితే ఆయనకు పేరు తెచ్చింది 1956 నాటి ప్రయాణం. ఒక టేపు కంపెనీ పెట్టిన పోటీలో ఆ ఏడు ఇరవై అయిదు కుటుంబాలు గెలిచాయి. వాటిలో వీళ్లదొకటి. బహుమతి ఏమిటంటే, అంతకు ఏడాది ముందే తెరిచిన డిస్నీలాండ్‌కు ఉచిత ప్రయాణం. వెళ్లారు, చూశారు, వెంట తీసుకెళ్లిన కెమెరాతో అంతా తీశారు. ముప్ఫై అయిదు నిమిషాలదాకా ఉండే ఆ ఇంటి సినిమా పేరు ‘డిస్నీలాండ్ డ్రీమ్’. అమెరికా వారి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఏటా 25 సినిమాలను జాతి సంపదగా ఎంచి ఒక పట్టికలో చేరుస్తుంది. పెద్ద పెద్ద హాలీవుడ్ చిత్రాల సరసన 2008లో ఈ ఇంటి సినిమాకూ అందులో చోటు దొరికింది. బార్‌స్టో గారు 2010లో, తొంభై దాటిన వయసులో కన్నుమూశారు. ఆ గౌరవం మాత్రం కళ్లారా చూసుకునే పోయారు.

ఇందులో ఒక చమత్కారం ఉంది. డిస్నీలాండ్ దృశ్యంలో ఒక మూల టోపీ పెట్టుకుని గైడు పుస్తకాలు అమ్ముతున్న కుర్రాడొకడు కనబడతాడు. పదకొండేళ్లు ఇంకా నిండలేదు. ఆయనే తర్వాత పేరుమోసిన హాస్యనటుడు స్టీవ్ మార్టిన్. అన్నేళ్ల తర్వాత ఆ సినిమా చూసి తనను తానే గుర్తుపట్టారు. తీసినాయనకు ఆ పిల్లవాడెవరో తెలియదు, పిల్లవాడికి తనను తీస్తున్నారనీ తెలియదు. మనం మనవాళ్ల మొహాల కోసం తీసుకున్న రీలులో ఊరంతా వచ్చి కూర్చుంటుందన్నమాట!

ఇక ఆ రీలు పనిచేసే తీరు చూద్దాం. ఇళ్లల్లో వాడుకునేందుకు కొడాక్ కంపెనీ 1923లో 16 మిల్లీమీటర్ల ఫిల్ము, 1932లో 8 మిల్లీమీటర్ల ఫిల్ము, 1965లో సూపర్ 8 తెచ్చింది. 8 మిల్లీమీటర్ల ఫిల్ములో ఒక చిట్కా ఉంది. కెమెరాలో వేసేది నిజానికి 16 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న 25 అడుగుల ఫిల్మే. ఒకవైపు తీసి, తిరగేసి రెండోవైపు తీస్తే, కడిగాక దాన్ని నిలువునా చీల్చి అతికేవారు. అలా 50 అడుగులయ్యేది. అంతా కలిపి నాలుగు నిమిషాల బొమ్మ. సూపర్ 8 రీలయితే మూడు నిమిషాల ఇరవై సెకన్లే. నాలుగు రోజుల ప్రయాణానికి నాలుగు నిమిషాల ఫిల్ము చేతిలో ఉంటే మనిషి ఎంత ఆచితూచి మీట నొక్కుతాడో ఆలోచించండి. ఆ రోజుల ఇంటి సినిమాలలో ఒక్కొక్క దృశ్యం అయిదారు సెకన్లకు మించకపోవడానికి కారణం అదే. ఆ అయిదు సెకన్లూ ఇంటిపెద్ద ఎంచుకున్నవి.

ఇంకొక సంగతి గమనించండి. వీటిలో చాలామట్టుకు మూగవి. సూపర్ 8లో శబ్దం పట్టే ఫిల్ము 1973లో గాని రాలేదు. మరి ఇంట్లో వీటిని ఎలా చూసేవారు? గోడకు తెల్లదుప్పటి కట్టి, దీపాలార్పి, ప్రొజెక్టర్ టకటకమంటుంటే నాన్నగారు పక్కన నిలబడి చెప్పేవారు. ఇదిగో ఇక్కడే టైరు పేలింది, ఇదిగో ఈవిడే మనకు దారిలో టీ ఇచ్చింది అని. సినిమాలో సగం ఆ గొంతే. రీలు చుట్టి డబ్బాలో పెట్టినప్పుడు బొమ్మ డబ్బాలోకి పోయేది, మాట మాత్రం మనిషి దగ్గరే ఉండిపోయేది. బార్‌స్టో గారి గొప్పతనం ఇక్కడ ఉంది. ఆయన చాలా ఏళ్ల తర్వాత కూర్చుని, ఆ సినిమాకు తన గొంతుతోనే వ్యాఖ్యానం జతచేశారు. ఇప్పుడు ఆయన లేరు, గొంతు ఉంది.

ఈ ఇంటి సినిమాలు చూసి, అమెరికాలో అందరూ ఇలాగే హాయిగా కారెక్కి తిరిగారని అనుకుంటే పొరపాటు. అవే రోడ్ల మీద నల్లజాతి కుటుంబాలు ప్రయాణం చేస్తే చాలాచోట్ల హోటలులో గది ఇచ్చేవారు కాదు, భోజనం పెట్టేవారు కాదు. తమకు ఎక్కడ చోటు దొరుకుతుందో తెలుసుకోవడానికి వాళ్లు ‘గ్రీన్ బుక్’ అనే ఒక గైడు పుస్తకం దగ్గర ఉంచుకునేవారు. 1936లో మొదలై, అలాంటి వివక్షను నిషేధించిన 1964 చట్టం వచ్చిన తర్వాత కూడా రెండు మూడేళ్లు ఆ పుస్తకం వెలువడింది.

అందుకే తక్కువమంది ఉన్న సమాజాలకు ఇంటి సినిమా మరింత విలువైనది. సాల్మన్ సర్ జోన్స్ అనే నల్లజాతి మతబోధకుడు 1924 నుంచి 1928 దాకా ఓక్లహోమాలో తనవాళ్ల బడులు, దుకాణాలు, ప్రార్థనాలయాలు, ఊరేగింపులు, తన విదేశ ప్రయాణాలు కూడా తీసిపెట్టారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో జపాన్ సంతతివాళ్లను యూటా ఎడారిలోని టోపాజ్ నిర్బంధ శిబిరంలో ఉంచితే, డేవ్ టట్సునో అనే ఆయన రహస్యంగా తెప్పించుకున్న చిన్న కెమెరాతో అక్కడి బతుకు తీశారు. టట్సునో రీళ్లను 1996లో, జోన్స్ రీళ్లను 2016లో అదే జాతీయ పట్టికలో చేర్చారు. వార్తాచిత్రాలు తీసేవాళ్లు వచ్చి చూపించని రోజువారీ బతుకును వాళ్లే చూపించుకున్నారు.

ఇప్పుడు మన ఇళ్లకు వద్దాం. మనలో సినిమా కెమెరా ఉన్న ఇళ్లు తక్కువే. కాని 1970ల నుంచి సౌదీకి, కువైట్‌కు, దుబాయికి వెళ్లిన మనవాళ్లు వచ్చేటప్పుడు టేపురికార్డర్లు, వి.సి.ఆర్.లు, ఆ తర్వాత వీడియో కెమెరాలు తెచ్చారు. గుల్బర్గా ఉర్సుకో, నాగార్జునసాగర్ చూడ్డానికో, చాచా కొడుకు పెళ్లికో అంబాసిడర్ కారులో ఎనిమిదిమంది ఇరుక్కుని వెళ్లిన ప్రయాణాలు ఆ కాసెట్లలో ఉన్నాయి. వాటి మీద తేదీ ఉండదు, పేరు ఉండదు. అయినా బొమ్మే కొంత చెబుతుంది. సాగర్ ఆనకట్ట మీద గేట్లు లేకుండా కనబడితే ఆ రీలు 1974కు ముందుదని తేల్చుకోవచ్చు. కారు నంబరు ప్లేటు మీద పాత పద్ధతిలో మూడే అక్షరాలుంటే, ఆ బండి 1989 జూలైకి ముందు రిజిస్టరయినదే. గోడ మీద సినిమా పోస్టరు ఉంటే సరేసరి.

కాని వెనక సీట్లో పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆ ముసలావిడ ఎవరో ఏ ఆనకట్టా చెప్పదు. అది నానీ చెప్పాలి, లేదా ఫుప్పూ చెప్పాలి. వాళ్లు కూడా వెళ్లిపోయాక ఆవిడ మన ఇంట్లోనే పేరులేని మనిషి అవుతుంది. మేము చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదొక్కటే. యంత్రాలు దొరికితే బొమ్మను కొంతవరకైనా బాగుచేసుకోవచ్చు. పేర్లు చెప్పేవాళ్లు పోతే మళ్లీ దొరకరు.

కనుక చెయ్యవలసిన పనులు కొన్ని మనవి చేస్తాం.

ఒకటి, డబ్బా మూత తీసి వాసన చూడండి. పుల్లటి వెనిగర్ వాసన వస్తే ఫిల్ము చెడిపోవడం మొదలైందన్నమాట. ఆ రీలును మిగతావాటితో కలిపి ఉంచకండి, ఆ ఆమ్లం వాటినీ పాడుచేస్తుంది. మన ఎండకూ ఉక్కకూ ఇది త్వరగా ముదురుతుంది. అటక మీదనుంచి దించి, చల్లగా, పొడిగా ఉండేచోట పెట్టండి.

రెండు, ఉత్సాహం కొద్దీ పాత ప్రొజెక్టర్‌లో వేసెయ్యకండి. ముడుచుకుపోయిన ఫిల్ము రంధ్రాల దగ్గర పర్రున చిరుగుతుంది. బూజు పట్టిన కాసెట్‌ను కూడా ఆడించవద్దు. పని తెలిసినవాళ్లచేత కంప్యూటర్‌లోకి ఎక్కించండి. వి.సి.ఆర్.లు తయారుచేస్తూ వచ్చిన చివరి కంపెనీ 2016లోనే ఆపేసింది కనుక కాసెట్ల విషయంలో ఆలస్యం చెయ్యకండి. కాపీ వచ్చింది కదా అని అసలు రీలును పారెయ్యకండి.

మూడు, ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి బొమ్మ చూపించండి. పక్కన సెల్‌ఫోను పెట్టి వాళ్ల మాటలు రికార్డు చెయ్యండి. వాళ్లు ఉర్దూలో చెప్పినా, తెలుగులో చెప్పినా, రెండూ కలిపి చెప్పినా అలాగే ఉంచండి, దిద్దకండి. కెమెరా పట్టుకున్నదెవరో మరిచిపోకుండా అడగండి. అందరినీ తీసిన ఆ ఒక్క మనిషే బొమ్మలో కనబడడు!

నాలుగు, ఇది కొంచెం సున్నితమైన సంగతి. ఇంటి ఆడవాళ్లు ఇంటివాళ్ల మధ్య ఉన్నామనుకుని తీయించుకున్న బొమ్మలివి. వాళ్ల అనుమతి లేకుండా నలుగురిలో ప్రదర్శించవద్దు, ఫోన్లలో పంపించవద్దు. పోయినవారి విషయంలో వారి పిల్లలను అడగండి. వద్దన్న బొమ్మ ఇంట్లోనే ఉండాలి. భద్రపరచడం వేరు, బయటపెట్టడం వేరు.

కొన్ని దేశాలలో ‘హోమ్ మూవీ డే’ అని ఏటా ఒకరోజు జరుపుతున్నారు. ఎవరి రీళ్లు వాళ్లు తెచ్చుకుంటారు, తెలిసినవాళ్లు పరీక్షించి వేసి చూపిస్తారు, చూసినవాళ్లు గుర్తుపట్టి చెబుతారు. మన సంఘం కూడా ఏడాదికొక ఆదివారం అలాంటిది పెట్టుకోవచ్చునని కార్యవర్గానికి మనవి చేస్తున్నాం. దీనికి ఖర్చు పెద్దగా కాదు. ఒక హాలు, ఒక కంప్యూటర్, పేర్లు రాసుకోవడానికి ఒక నోటుపుస్తకం, రాయగల ఇద్దరు ముగ్గురు కాలేజీ పిల్లలు ఉంటే చాలు. మన సంఘం వితంతువులకూ విద్యార్థులకూ చేసే సాయాన్ని పైసాతో సహా లెక్క రాసుకుంటోంది. మన తాతముత్తాతల పేర్లకు కూడా అలాంటి లెక్క ఒకటి ఉండాలని మా కోరిక.

సభ ముగిశాక ఇళ్లకు వెళ్లి ముందుగా పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి, డబ్బా సంగతి తర్వాత.