ఆలంపురములో వెలువడిన గొడవ

గొడవ అన్న మాటకు మన ఇండ్లలో మర్యాద తక్కువ. పిల్లలు కూడి ఆడుకొన్నా గొడవే, అన్నదమ్ములు పంపకమునకు కూర్చున్నా గొడవే. కాలేజీకి పోయే అబ్బాయి గది తలుపు వేసికొని, గిటార్లు డ్రమ్ములు హోరెత్తే పాశ్చాత్య సంగీతమును పెట్టుకొన్ననాడు వంటయింటినుండి వచ్చే ప్రశ్న కూడ "ఏమిట్రా ఆ గొడవ?" అనియే. తల్లి అడిగినదానిలో తప్పు లేదు. గొడవగా ఉండవలెననియే ఆ సంగీతము పుట్టినది. మన తెలుగు కవి ఒకరు ఆ మాటనే తన పుస్తకమునకు పేరుగా పెట్టుకొన్నారు. ఆ పుస్తకము మన ఆలంపురములో, తుంగభద్ర యొడ్డున, నిండు సభలో వెలువడినది. ఈ రెండు గొడవలకును గల చుట్టరికమును గురించి నాలుగు మాటలు చెప్పదలచినాను.

మొదట ఆ సంగీతము సంగతి. దానిని ఆల్టర్నేటివ్ రాక్ అంటారు, అనగా ప్రత్యామ్నాయ రాక్. దేనికి ప్రత్యామ్నాయమని మీరు అడుగవచ్చును. 1980 ప్రాంతమున అమెరికాలో పెద్ద రికార్డు కంపెనీలు అమ్మకమునకై మెరుగుపెట్టిన పాట ఒకటి ఉండెడిది. వ్యాపార రేడియోలు దానినే మాటిమాటికి వేసేవి. ఆ పాటలో తమ ఊరుగాని, తమ విసుగుగాని, తమ కోపముగాని వినబడని పడుచువాండ్రు తమలో తాము కూడి, కారు షెడ్డులలో వాయించుకొన్నారు. వాద్యము పూర్తిగా పట్టుబడేదాకా ఆగలేదు. చిన్న కంపెనీలు వారి రికార్డులను వేసినవి. విద్యార్థులు నడిపే కాలేజీ రేడియోలు వాటిని వినిపించినవి.

ఈ సంగీతమునకు జంటగా ఒక రచన పెరిగినది. నాకు సంగీతముకంటె అదియే ఎక్కువ ఆసక్తికరము. 1976 జూలైలో లండనులో మార్క్ పెర్రీ అను బ్యాంకు గుమాస్తా, తనకు నచ్చిన కొత్త పాటలను గూర్చి పత్రికలు సరిగా వ్రాయుట లేదని, తానే టైపు కొట్టి, శీర్షికలు లావుపాటి పెన్నుతో చేతితో వ్రాసి, జిరాక్సు తీయించి 'స్నిఫిన్ గ్లూ' అను పత్రికను పంచినాడు. తప్పు పడినచోట కొట్టివేతలు అట్లే ఉన్నవి. వ్యాకరణము ఉన్నచోట ఉన్నది, లేనిచోట లేదు. పేరుమోసిన గాయకులను గూర్చి అందులో వాడిన మాటలను ఇంటిల్లిపాది వినే ఈ రేడియోలో నేను చదువలేను. ఏడాది తిరుగునప్పటికి ప్రతులు వేలకు పెరిగినవి. పెరిగినందుననే కాబోలు, 1977లో ఆయన దానిని ఆపివేసినాడు.

1980లో అమెరికా వాయవ్యమూలనున్న ఒలింపియా పట్టణములో బ్రూస్ పావిట్ అను విద్యార్థి అటువంటి పత్రికనే 'సబ్‌టెరేనియన్ పాప్' అని మొదలుపెట్టినాడు. 1986 నాటికి ఆ పత్రిక సియాటిల్ నగరములో 'సబ్ పాప్' అను రికార్డు కంపెనీగా మారినది. నిర్వాణ అను బృందము తొలి రికార్డును 1988లో వేసినది ఆ కంపెనీయే. ఆ బృందము పేరు బౌద్ధులనుండి పోయినదే. నాగార్జునకొండ ఎరిగిన కృష్ణాతీరము వారికి అది కొత్త మాట కాదు.

ఇటువంటి కాగితములను సాహిత్య చరిత్రకారులు లెక్కకు తీసికొనరు. ఇవి స్నేహితులు స్నేహితులకై వ్రాసికొన్నవి. కాని స్నేహితుని ముందు మహారచయిత వేషము నిలువదు. మొదటి వాక్యమునకే అతడు నవ్వుతాడు. ఆ నవ్వుకు తట్టుకొన్నది మాత్రమే కాగితముమీద మిగులుతుంది. సంపాదకులు చేసే పరిష్కారముకంటె ఇది కఠినమైనదని నా అనుభవము.

ఇక మనవైపు వద్దాము. నిజాము రాష్ట్రములో తెలుగు కవులు పూజ్యమని ఒక పండితుడు వ్రాసినప్పుడు సురవరం ప్రతాపరెడ్డిగారు వాదమునకు దిగలేదు. ఊరూరికి కబురు పంపి, పద్యములు తెప్పించి, 354 మంది కవులతో 1934లో 'గోలకొండ కవుల సంచిక'ను అచ్చువేసి చూపినారు. సురవరము వారి ఇటికాలపాడు ఈ ఆలంపురము తాలూకాలోని గ్రామమే. ఆ కవులలో ఎందరో పటేండ్లు, పట్వారీలు, ఉపాధ్యాయులు, పురోహితులు. కవిత్వము వారికి వృత్తి కాదు. అయితే ఆ సంచిక ఇచ్చిన జవాబు ఏమనగా: మీ కొలబద్ద మీదే, దానితోనే మమ్ము కొలిచి చూడుడు. ఆనాటికి ఆ జవాబు అవసరమైనది, గొప్పది.

పందొమ్మిది సంవత్సరములకు అదే తాలూకానుండి మరియొక జవాబు వచ్చినది. 1953 జనవరిలో ఆంధ్ర సారస్వత పరిషత్తు సప్తమ వార్షికోత్సవములు ఆలంపురములో జరిగినవి. ఊరు చిన్నది. జోగులాంబ క్షేత్రము, బాదామి చాళుక్యులు కట్టించిన నవబ్రహ్మాలయములు, అడుగడుగున శాసనములు. ఏటికి ఈవల హైదరాబాదు రాష్ట్రము, ఆవలి కర్నూలు అప్పటికి మద్రాసు రాష్ట్రము. సభలను తలకెత్తుకొన్న గడియారం రామకృష్ణశర్మగారు సంస్కృతాంధ్ర పండితులు, శాసన పరిశోధకులు. అప్పటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు ఆ సభలకు విచ్చేసినారు. అంతటి పెద్దరికము కొలువుదీరినచోట శ్రీశ్రీగారు ఒక పుస్తకమును ఆవిష్కరించినారు. దాని పేరు 'నా గొడవ'. కవి కాళోజీ నారాయణరావుగారు.

కాళోజీగారు 1914లో పుట్టినారు. తండ్రి మరాఠీ, తల్లి కన్నడము. కవిత్వము తెలుగులో చెప్పినారు, ఉర్దూ మొదలైన భాషలలోను వ్రాసినారు. చదివినది న్యాయశాస్త్రము. నిజాము ప్రభుత్వము జైలులో పెట్టినది, ఊరు విడిచిపొమ్మని బహిష్కరించినది. అన్నగారు రామేశ్వరరావుగారు ఉర్దూ కవి. వరంగల్లులో ఆ సోదరుల చుట్టూ చేరిన మిత్రుల మధ్య ఎవరు వ్రాసినది వారు చదువుట, తక్కినవారు మెచ్చుటయో తెగడుటయో జరుగుచుండెడిది. నేను ఇందాక చెప్పిన స్నేహితుని నవ్వు అక్కడ ధారాళముగా దొరకెడిది. ఆ గుంపులో పెరిగిన కవిత్వమునకు అలంకారముల తొడవు లేదు. ఛందస్సు కలిసివస్తే కలిసివచ్చినది. పోలీసు జులుము, ఆకలి, ఓటు అడుగ వచ్చి గెలిచిన పిదప మరచిన నాయకుడు, తెలుగువాడై తెలుగు మాటలాడ సిగ్గుపడే పెద్దమనిషి, ఇవి వస్తువులు. పీఠికలేని తిట్టు, దాని వెనుకనే తడి. నిజముగా అది ఒక మనిషి గొడవ. 'మీ కొలబద్దతో కొలవండి' అని అది అడుగలేదు. సబ్ పాప్ పత్రికకును దీనికిని నాకు కనబడిన చుట్టరికము ఇదియే. అర్హత పత్రము చూపి లోనికి రానిమ్మనుట ఒక మార్గము. గుమ్మము బయటనే కూర్చుండి పాడుట ఇంకొక మార్గము.

శ్రీశ్రీగారు కాళోజీని ఫ్రెంచి కవి లూయీ అరగాన్‌తో పోల్చినారు. జర్మను ఆక్రమణలో ఉన్న ఫ్రాన్సులో ప్రతిఘటన కవిత్వము చెప్పినవాడు అరగాన్. పోలిక ఘనమైనదే. కాని నాకు శర్మగారి పనియే ఎక్కువ ముచ్చటగా తోచును. శాసనములు చదివే పండితుడు పూనుకొని నడిపిన సభలో ఛందస్సును లెక్కచేయని గొడవకు పీట దొరకినది. గొడవ చేయువారు ఎప్పుడును ఉంటారు. వారికి పీట వేసే పెద్దలు అరుదు. శర్మగారు 2006లో కీర్తిశేషులైనారు. వారి ఆత్మకథ 'శతపత్రము'నకు మరుసటి సంవత్సరము కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమానము వచ్చినది.

పన్నెండేండ్లకు, 1965 మే నెలలో, హైదరాబాదులో ఆరుగురు మిత్రులు దిగంబర కవులమని మారుపేర్లు పెట్టుకొని వచ్చినారు. వారికి పీట అక్కరలేకపోయినది. అర్ధరాత్రి వీధిలో నాంపల్లి పాండు అను రిక్షా కార్మికునిచేత తమ సంపుటిని ఆవిష్కరింపజేసికొన్నారు. వారి తిట్లలో కొన్ని తిట్లుగానే మిగిలిపోయినవని నా అభిప్రాయము. అయినను ఆ రాత్రి తెలుగు కవిత్వము ఉలిక్కిపడి లేచినమాట నిజము.

గొడవను గౌరవించినప్పుడు ఏమగునన్నది చిక్కు ప్రశ్న. నిర్వాణ బృందము 1991లో పెద్ద కంపెనీకి పోయి 'నెవర్‌మైండ్' వెలువరించినది. 1992 జనవరిలో అది అమెరికా అమ్మకముల పట్టికలో మొదటి స్థానమునకు ఎక్కినది. ప్రత్యామ్నాయమే ప్రధానమైనప్పుడు ఇక దేనికి ప్రత్యామ్నాయము? ఆ బృందనాయకుడు కర్ట్ కొబేన్‌కు ఆ కీర్తి ఇమడలేదు. 1994లో ఇరువదియేడవ యేట ప్రాణము తీసికొన్నాడు. అదే 1992లో కాళోజీగారికి పద్మవిభూషణ్ వచ్చినది. 1995లో వెలువడిన ఆత్మకథకు ఆయన పెట్టిన పేరు 'ఇదీ నా గొడవ'. బిరుదు వచ్చినను పేరు మారలేదు. 2002లో పోయేదాకా ఆయన చుట్టూ మిత్రులు ఉన్నారు; కొబేన్‌కు లక్షలమంది శ్రోతలు ఉన్నారు. ఈ తేడా చిన్నది కాదని నాకనిపించును.

రేడియో ఉద్యోగిగా ఒక మాట చెప్పవలసియున్నది. రేడియోకు గొడవ అనిన మొదటినుండి బెదురు. 1952లో కేస్కర్‌గారు మంత్రిగా ఉన్నప్పుడు ఆకాశవాణిలో సినిమాపాటలు అడుగంటినవి. జనులు సిలోను రేడియో పెట్టుకొన్నారు. 1957లో వివిధభారతి రాక తప్పలేదు. భాష విషయమునను అంతే. రెండున్నర జిల్లాల వాడుకనే అందరి తెలుగుగా చెలామణి చేయుటను కాళోజీగారు జీవితమంతయు ఎదిరించినారు. ఈ ప్రసంగము నడచిన తెలుగును వారు విన్నచో ఏమనియుందురో ఊహించుట కష్టము కాదు.

2014నుండి ఆయన పుట్టినరోజైన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషాదినోత్సవముగా జరుపుకొనుచున్నారు. పాఠశాలలలో పిల్లలను వరుసగా నిలబెట్టి 'నా గొడవ' నుండి చదివిస్తారు. ఏ కవితలను ఎన్నుకొందురో అది ఉపాధ్యాయుల ఇష్టము. తల్లిభాషను గూర్చినవి ఎలాగూ ఉంటవి; మంత్రులను దులిపినవి కూడ ఒకటి రెండు కలుపుడని నా మనవి.