50 ఏళ్లకి స్టార్ అయిన నటుడు: లూయీ ద ఫ్యూనెస్ కథ

పాతికేళ్లు నిండకముందే "ఇంకా సెటిల్ అవ్వలేదా?" అని అడిగేవాళ్లు మన చుట్టూ చాలామంది ఉంటారు కదా. ఆ మాట విని విసిగిపోయిన వాళ్ల కోసమే ఈ ఎపిసోడ్.

ఫ్రాన్స్‌లో కామెడీ అంటే ఇప్పటికీ ముందు గుర్తొచ్చే పేర్లలో లూయీ ద ఫ్యూనెస్ ఒకటి. 1914లో పారిస్ పక్కనే ఉన్న కూర్బెవ్వాలో పుట్టారు. అమ్మానాన్నలు స్పెయిన్ నుంచి వచ్చినవాళ్లు. సినిమాల్లోకి రాకముందు ఆయన ఏం చేసేవారో తెలుసా? పారిస్ బార్లలో రాత్రంతా పియానో వాయించేవారు.

మొదటి సినిమా 30 దాటాకే వచ్చింది. అందులో వేషం ఏంటంటే, తలుపు దగ్గర నిలబడే డోర్‌మ్యాన్! ఆ తర్వాత దాదాపు 20 ఏళ్లు ఎక్కువగా చిన్న వేషాలే. ఒక సీను, రెండు డైలాగులు, అంతే. కానీ ఆ ఒక్క సీనునీ ఆయన వదిలేసేవారు కాదు. 1956లో 'లా త్రావెర్సే ద పారి' సినిమాలో బ్లాక్ మార్కెట్ వ్యాపారిగా కాసేపే కనిపిస్తారు. పక్కన జాఁ గాబాఁ లాంటి పెద్ద స్టార్ ఉన్నా, ఆ సీనులో ఈయన కూడా గుర్తుండిపోయారు.

1964లో 'సాఁ ట్రోపే జాందార్మ్' వచ్చింది. కింది పోలీసుల మీద అరిచి, పై ఆఫీసర్ ముందు వంగిపోయే పాత్ర. ఇలాంటి బాస్ ప్రతి ఆఫీసులోనూ ఉంటాడు కదా! జనం వెంటనే గుర్తుపట్టారు. అప్పటికి ఆయన వయసు 50.

1966లో 'లా గ్రాండ్ వాద్రూయ్'లో ఆర్కెస్ట్రా కండక్టర్‌గా చేశారు. ఆ సీను కోసం నెలల తరబడి ప్రాక్టీస్ చేశారు. ఫ్రాన్స్‌లో ఆ సినిమాకి 1.7 కోట్లకు పైగా టికెట్లు తెగాయి. ఫ్రెంచ్ సినిమాల్లో ఆ రికార్డుని 2008 దాకా ఎవరూ దాటలేదు.

1975లో గుండెపోటు వచ్చింది. ఇక పనైపోయిందనుకునే టైమ్‌లో, 1976లోనే మళ్లీ తెర మీదకి వచ్చి హిట్ కొట్టారు. 1980లో గౌరవ సేజార్ అవార్డు అందుకున్నారు. 1983 జనవరిలో, 68 ఏళ్ల వయసులో, మళ్లీ గుండెపోటుతోనే కన్నుమూశారు.

ఫ్రెండ్స్, ఓపిక పడితే అందరూ స్టార్లు అయిపోతారని నేను చెప్పట్లేదు. చాలామంది అవ్వరు కూడా. కానీ ఆ 20 ఏళ్లూ ఈయన ఊరికే ఎదురుచూస్తూ కూర్చోలేదు, పని నేర్చుకుంటూ ఉన్నారు. ఛాన్స్ వచ్చిన రోజుకి రెడీగా ఉన్నారు, అది అసలు విషయం.

మీకు తెలిసినవాళ్లలో లేటుగా గెలిచినవాళ్లు ఎవరైనా ఉంటే కామెంట్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి!