ఇంట్లో ఉండి ఆరోగ్య సమాచార విద్య – ఫీజు కట్టే ముందు నాలుగు మాటలు

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునే వాళ్ళం. తెలుగు సభలో మాట్లాడమంటే మా నాలుక కొంచెం తడబడుతుంది. మాటలో దోషముంటే మన్నించి, విషయం మాత్రం గ్రహించాలని మనవి.

కొన్నాళ్ళ క్రితం కోదాడ నుంచి ఒక తండ్రి మా దగ్గరికి వచ్చాడు. రైస్ మిల్లులో గుమాస్తా. కూతురు బి.ఎస్సీ. పాసయింది. మిర్యాలగూడలో సంబంధం కుదిరింది. చదువుకోనిస్తాం గాని ఇంట్లో ఉండే చదవాలి అన్నారట అత్తగారివాళ్ళు. ఆ పిల్ల ఫోనులో ఒక ప్రకటన చూసింది. హెల్త్ ఇన్ఫర్మేటిక్స్‌లో ఆన్‌లైన్ మాస్టర్స్ డిగ్రీ, రెండేళ్ళు, కాలేజీకి పోనక్కరలేదు అని. పెళ్ళికి దాచిన గొలుసు కుదువపెట్టి ఫీజు కడదామని తండ్రి ఆలోచన. “మాస్టర్ సాబ్, ఇది మంచి చదువేనా?” అని అడిగాడు. మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాం. కొన్ని రోజులు గడువు అడిగి, చదివి, తెలిసినవాళ్ళను విచారించి తెలుసుకున్నదే ఇప్పుడు మీ ముందు పెడుతున్నాం.

ముందు ఈ చదువు ఏమిటో చూద్దాం. డాక్టరు జబ్బు చూస్తాడు, నర్సు రోగిని చూస్తుంది. రోగి కాగితాలను, పరీక్షల ఫలితాలను, మందుల చీటీలను సరిగా రాసి, భద్రపరచి, అవసరమైనప్పుడు అవసరమైనవాళ్ళకు అందేట్టు చేసే విద్య ఇది. మన ఇళ్ళలో షకర్ కీ బీమారీ అంటాం, పక్కింట్లో షుగరు అంటారు, పుస్తకంలో మధుమేహం అని ఉంటుంది. కంప్యూటరుకు ఇవి మూడు జబ్బులు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రతి జబ్బుకూ ఒక గుర్తు ఇచ్చింది. పదో కూర్పులో టైప్ 2 మధుమేహానికి ఇ11 అని గుర్తు. పదకొండో కూర్పు 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. ఈ గుర్తులు, గణాంక శాస్త్రం, డేటాబేసులు, రోగి రహస్యం కాపాడే పద్ధతులు – ఇవి ఆ చదువులో పాఠాలు.

ఇది మనకెందుకు అనవచ్చు. మన నల్లగొండ ప్రాంతం ఫ్లోరైడు నీటితో ఎంత బాధపడిందో మీకు తెలియనిది కాదు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడు తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ సంస్థ తయారుచేస్తే దానికి మన జిల్లా పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. ఏ ఊళ్ళో ఎవరి కాళ్ళు వంగుతున్నాయి, వాళ్ళు ఏ బావి నీళ్ళు తాగారు అని రాసిపెట్టినవాడుంటేనే జబ్బు మూలం దొరుకుతుంది. ఆ రాతపనే పెరిగి పెద్దదై ఈ శాస్త్రమైంది.

పని కూడా పెరిగింది. 2005 ఆగస్టు 15న 108 వచ్చింది. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైంది. ఆపరేషనుకు అనుమతి కంప్యూటరు మీదనే రావాలి. 2019లో సూర్యాపేటలోనూ నల్లగొండలోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరిచారు. 2021 సెప్టెంబరు 27న కేంద్రం ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ను దేశమంతటికీ ప్రారంభించి, మనిషికి 14 అంకెల ఆరోగ్య సంఖ్య ఇస్తున్నది. కాబట్టి ఈ విద్య తెలిసినవాళ్ళు కావాలి. అందులో సందేహం లేదు.

ఇక అసలు సంగతి. ఇంట్లో ఉండి చదవడం తక్కువ చదువు కాదు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన హైదరాబాదులోనే పుట్టింది. ఇప్పుడు దాని పేరు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1998లో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం వచ్చి ఉర్దూలో దూరవిద్య చెబుతున్నది. ఎంతోమంది ఉద్యోగస్తులు, గృహిణులు ఇట్లా చదివి పైకి వచ్చారు.

అయితే అన్ని చదువులూ ఇట్లా చదవడానికి వీల్లేదు. 2021లో పార్లమెంటు వైద్య అనుబంధ వృత్తుల చట్టం చేసింది. ఆ చట్టం జాబితాలో ఆరోగ్య సమాచార నిర్వహణ, హెల్త్ ఇన్ఫర్మేటిక్స్ ఒక వర్గంగా ఉన్నాయి. 2025 ఆగస్టులో యూజీసీ ఒక ప్రకటన చేసింది. ఈ చట్టం కిందికి వచ్చే వైద్య అనుబంధ కోర్సులను 2025 జూలై–ఆగస్టు విద్యా సంవత్సరం నుంచి దూరవిద్యలో గాని ఆన్‌లైన్‌లో గాని కొత్తగా నడపరాదని దాని సారాంశం. ఆసుపత్రి పని చేత్తో చేసి నేర్చుకోవాలి, తెర మీద చూస్తే చాలదు అని ప్రభుత్వం భావన. ఈ మాట ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో వేయరు కదా! గొలుసు పోయిన తర్వాత తెలిస్తే ఏం లాభం?

కాబట్టి ఫీజు కట్టే ముందు మూడు పనులు చేయండి. యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైటులో ఆ విశ్వవిద్యాలయం పేరు ఉన్నదా, అదే కోర్సు పేరు ఉన్నదా, ఈ ఏడాదికే అనుమతి ఉన్నదా చూడండి. విశ్వవిద్యాలయం పేరుంటే చాలదు, కోర్సు పేరు కూడా ఉండాలి. రెండు, విదేశీ డిగ్రీ అయితే ఇక్కడ దానికి సమానత్వం దొరుకుతుందా అని రాతపూర్వకంగా అడగండి. మూడు, ఫోనులో తొందరపెట్టే ఏజెంటుకు జవాబివ్వకండి. రేపటితో సీట్లు అయిపోతాయి అన్నవాడిని ఎల్లుండి రమ్మనండి.

మరి ఆ పిల్లకు ఏం చెప్పాం? “బేటీ, నీ కోరిక మంచిది, దారి మార్చుకో” అన్నాం. 2017లో మొదలైన స్వయం వేదికలో పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. ముందు అక్కడ గణాంకాలు, డేటాబేసులు నేర్చుకొని, తనకు చేతనవుతుందో లేదో చూసుకొమ్మన్నాం. కుదిరితే ఇగ్నోలో కంప్యూటర్ అప్లికేషన్స్ పీజీ దూరవిద్యలోనే చేయవచ్చు. హెల్త్ ఇన్ఫర్మేటిక్సే కావాలంటే క్లాసులకు పోక తప్పదు. ఆ మాట అత్తగారింట్లో పెళ్ళికి ముందే చెప్పాలి. తండ్రి వెళ్ళి చెప్పాడు. వాళ్ళు ఆలోచిస్తామన్నారు. గొలుసు ఇంట్లోనే ఉన్నది, పిల్ల స్వయంలో పాఠాలు వింటున్నది.

చివరగా మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఒక ముసలమ్మ చికిత్సకు పోతే కార్డులో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు ఉన్నదని తిప్పి పంపారు. ఒకచోట బీ, ఒకచోట బీబీ, ఒకచోట బేగం. మహ్మద్ అనే పేరును మొహమ్మద్ అని ఒకరు, ఎం.డి. అని ఒకరు రాస్తారు. ఈ తేడా ఎక్కడ మొదలవుతుంది? బడి అడ్మిషన్ రిజిస్టరులో! ఉర్దూలో ఒక్కటిగా ఉన్న పేరును ఇంగ్లీషులో మాకు తోచినట్టు రాసినవాళ్ళం మేమే. ఆరోగ్య సమాచార శాస్త్రంలో మొదటి పాఠం అదే, మనిషిని సరిగా గుర్తించడం. దానికి డిగ్రీ అక్కరలేదు.

మన సంఘం ఒక ఆదివారం సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడు ఊళ్ళలోనూ కూర్చుని, ప్రతి ఇంటి కార్డుల్లో పేర్లు సరిచూసి, దిద్దించే పని పెట్టుకోవాలని కోరుతున్నాం. చదువుకున్న పిల్లలు రాయడానికి రావాలి. కోదాడలో మొదటి కలం పట్టడానికి ఆ గుమాస్తా కూతురు ఒప్పుకున్నది. మా బడి రిజిస్టరు మేము తెస్తాం.